మనసు బాగోలేని రోజుల్లో: తరచుగా అడిగే ప్రశ్నలు

2020 అక్టోబర్ 13 రాత్రి సరూర్‌నగర్ చెరువు దిగువన ఉన్న మా ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. మంచం కోళ్లు మునిగాయి, ఫ్రిజ్ తేలింది. మూడో రోజున డాబా మీద తాడు కట్టి, మా ముగ్గురి పదో తరగతి మెమోలను, ఇంటి కాగితాలను బట్టల క్లిప్పులు పెట్టి ఆరేశాం. కాగితాలు ఆరాయి గానీ నేను ఆరలేదు. మరుసటి ఏడు మామగారు కోవిడ్‌తో పోయారు. పొయ్యి ముందే నిలబడి ఉన్నా కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో తెలియని రోజులవి.

ఇప్పుడు చిక్కడపల్లి వైపు రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. పొద్దున్నే ఇందిరా పార్కులో నడిచే ఏడెనిమిది మందిమి ఒకరి కష్టం ఒకరం వింటూ ఉంటాం. అక్కడ మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు నాకు తెలిసినంతవరకు జవాబులు రాసిపెట్టాను. నేను డాక్టర్ని కాను, ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన టీచర్ని. వైద్యం, మందుల సంగతులు నన్ను చూసిన మానసిక వైద్యురాలిని అడిగి రాశాను.

ఇది మామూలు దిగులా, డిప్రెషనా? ఎలా తెలుస్తుంది?

కష్టం వచ్చినప్పుడు దిగులుపడటం జబ్బు కాదు. ఇల్లు మునిగాక ఏడుపు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. డాక్టర్లు ముఖ్యంగా చూసేవి రెండు: ఎన్నాళ్లుగా ఉంది, రోజువారీ పనులు ఎంతవరకు చెడ్డాయి. దాదాపు రోజంతా, రెండు వారాలకు తగ్గకుండా మనసు కుంగి ఉండటమో, ఇదివరకు ఇష్టమైనవి ఏవీ రుచించకపోవడమో ప్రధాన లక్షణం. దానికి తోడు నిద్ర, ఆకలి తప్పుతాయి. ఒంట్లో సత్తువ ఉండదు, దేని మీదా గురి నిలవదు. నేనెందుకూ పనికిరాననిపిస్తుంది, చావు తలపుకు వస్తుంది. వీటిలో కొన్ని కలిసి కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన వేళ అయిందన్నమాట.

మన ఇళ్లలో చాలామంది "దిగులుగా ఉంది" అని నోరు తెరిచి చెప్పరు. తలనొప్పి అంటారు, కడుపులో మంట అంటారు, "ఏదో నలతగా ఉంది" అంటారు. మగవాళ్లలో కొందరికి అది చిరాకుగా బయటపడుతుంది, కంచం విసిరేస్తారు. నా విషయంలో లెక్కలు తప్పాయి. ఎక్కాలు నేర్పి బతికిన మనిషిని, పాలవాడికి ఇవ్వాల్సిన డబ్బు మూడుసార్లు కూడితే మూడు జవాబులు వచ్చాయి.

అందరూ "ధైర్యంగా ఉండు" అంటున్నారు. ఎలా ఉండాలి?

ఆ మాట అన్నవాళ్ల మీద కోపం పెట్టుకోకండి. ఇంకేమనాలో వాళ్లకు తోచదు. నీళ్లొచ్చిన వారంలో ఆ మాట చెప్పడానికి నాకు ఇరవై ఫోన్ల దాకా వచ్చి ఉంటాయి. ఎదురింటి ఆపా మాత్రం ఆ మాట అనలేదు. ఒక చేత్తో టీ ఫ్లాస్కు, ఇంకో చేత్తో చీపురు పట్టుకుని వచ్చి, గడప దగ్గరి బురద తోయడం మొదలుపెట్టింది. సగం గది అయ్యాక, "మీరు మా ఇంట్లో ఒక గంట పడుకోండి, ఇక్కడ నేనున్నాను" అంది. ధైర్యం అంటే ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఆ గంట నిద్ర మాత్రం గుర్తుంది.

కాబట్టి ధైర్యం తెచ్చుకునే పని కాస్త పక్కన పెట్టండి. వేళకు లేవండి, స్నానం చేయండి, రుచించినా రుచించకపోయినా వేళకు ఇంత తినండి, వెలుతురు ఉండగా అరగంట బయట నడవండి. మనసు పుట్టాక చేద్దాం అనుకుంటే ఆ మనసు పుట్టదు. పని ముందు నడుస్తుంది, హుషారు దాని వెనక వస్తుంది. ఇది నా సొంత కవిత్వం కాదు, మానసిక వైద్యంలో ఒక చికిత్సాపద్ధతి. కుంగిపోయిన మనిషికి చిన్న చిన్న పనుల పట్టిక రాసిచ్చి రోజూ చేయిస్తారు. నాకు ఇచ్చిన మొదటి పట్టికలో మూడే ఉన్నాయి, అందులో ఒకటి తులసికి నీళ్లు పోయడం. వేలకు వేలు పోయి కూర్చున్నదానికి చెంబెడు నీళ్ల వైద్యమా అని నవ్వొచ్చింది. అయినా పోశాను.

ఎవరికి చెప్పుకోవాలి? చెబితే నలుగురి నోళ్లలో నానుతుంది కదా?

నలుగురికీ చెప్పొద్దు, ఒక్కరిని ఎంచుకోండి. బంధువే కావాలని లేదు. పాత స్నేహితురాలు కావచ్చు, పక్క ఫ్లాటు పిన్నిగారు కావచ్చు. మొదటే ఒక మాట చెప్పండి: "నాకు సలహా వద్దు, కాసేపు వింటే చాలు." ఈ మాట చెప్పకపోతే మనవాళ్లు రెండో నిమిషంలో కషాయం దగ్గరికి, మూడో నిమిషంలో జాతకం దగ్గరికి వెళ్లిపోతారు.

రాత్రి నిద్ర పట్టడం లేదు. మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ కన్ను మూతపడదు.

ఎక్కువమంది అడిగేది ఇదే. ముందు సాయంత్రం టీ సంగతి చూడండి. టీ, కాఫీల్లోని కెఫీన్ ఒంట్లోంచి సగం పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఆరింటికి హోటల్లో తాగిన ఇరానీ చాయ్‌లో సగం పదకొండింటికి మీ రక్తంలోనే తిరుగుతూ ఉంటుందన్నమాట. మధ్యాహ్నం రెండు దాటాక టీ మానేయండి. హైదరాబాద్‌లో ఉంటూ ఈ మాట చెప్పడం పాపమే, నాకూ తెలుసు.

పడుకునే వేళ కంటే లేచే వేళ ముఖ్యం. రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే సమయానికి లేవాలి, ఆదివారమైనా సరే. ఇరవై నిమిషాలకు పైగా నిద్ర పట్టకపోతే మంచం దిగి, వేరే చోట మసక వెలుతురులో కూర్చోండి. నిద్ర ముంచుకొచ్చినప్పుడే మళ్లీ పక్క ఎక్కండి. లేకపోతే మంచం చూడగానే మెలకువ రావడం అలవాటవుతుంది. గడియారం చూడొద్దు. చూశారంటే "ఇంకా మూడు గంటలే ఉంది" అని తీసివేతలు మొదలవుతాయి. లెక్కల టీచరును, అనుభవం మీద చెబుతున్నాను. మూడింటికి వచ్చే ఆలోచనలను నమ్మకండి. ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి పక్కన పెట్టండి. పొద్దున టిఫిన్ అయ్యాక వాటి సంగతి చూద్దురు గాని.

మూడు నాలుగు వారాలు ఇలా చేసినా మార్పు లేకపోతే డాక్టర్ని అడగండి. మెడికల్ షాపులో ఎవరిదో పాత చీటీ చూపించి నిద్రమాత్రలు కొనకండి.

మందు తాగితే నిద్ర పడుతోంది. పర్వాలేదా?

పర్వా ఉంది. మందు తొందరగా నిద్రలోకి దించుతుంది గానీ తెల్లవారుజామున నిద్రను ముక్కలు చేస్తుంది. మర్నాటి దిగులు ఇంకాస్త బరువవుతుంది. రెండు పెగ్గులు మూడవుతాయి. ఏళ్ల తరబడి రోజూ తాగుతున్నవాళ్లు ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే. వణుకు, ఫిట్స్ రావచ్చు. మానేటప్పుడు డాక్టర్ తోడు ఉండాలి.

ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఊపిరి ఆడకపోవడం. గుండెపోటేమో అని భయం.

మొదటిసారి వస్తే మీరే తీర్పు ఇచ్చుకోకండి. దగ్గరి ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి, అవసరమైతే 108కి ఫోన్ చేయండి. గుండె బాగానే ఉందని తేలి, మళ్లీ మళ్లీ అలాగే వస్తుంటే అది పానిక్ కావచ్చు. ఎదురుగా పులి లేకపోయినా ఒళ్లు పులిని చూసినట్టు సిద్ధమైపోతుంది. సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, ఆ తర్వాత దానంతట అదే దిగుతుంది.

వచ్చినప్పుడు ఊపిరి గట్టిగా పీల్చాలని చూడకండి, వదలడం మీద దృష్టి పెట్టండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరేడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది. శరీరంలోనే ఉన్న ఏర్పాటు అది. సిటీ బస్సులో నిలబడి కూడా చేసుకోవచ్చు, పక్కవాళ్లకు తెలియదు.

రక్త పరీక్షలు ఎందుకు చేయించమంటారు? నా బాధ మనసులో కదా?

థైరాయిడ్ తగ్గినా, బీ12 లోపించినా, రక్తహీనత ఉన్నా ఇదే నీరసం, ఇదే దిగులు ఉంటాయి. మాతో నడిచే ఒకావిడ ఏడాది పాటు కోడలి వల్లే తనకీ బాధంతా అనుకుంది. చివరికి అది థైరాయిడ్ అని తేలింది. కోడలితో పేచీ ఇప్పటికీ ఉందనుకోండి, ఏడుపు తగ్గింది. దగ్గరి బస్తీ దవాఖానాలో డాక్టర్‌కు చూపించుకుంటే నమూనా అక్కడే తీసుకుని ఉచితంగా పరీక్ష చేయిస్తారు.

ఉద్యోగం పోయింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

మా నడక బృందంలో ఒక అబ్బాయి ఉన్నాడు. మాదాపూర్‌లో ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పలేక రోజూ లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని బయల్దేరేవాడు. మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా వెళ్లడం, దిగడం, మళ్లీ టికెట్ కొని వెనక్కి రావడం. మూడు వారాలు అలా గడిపాడు. భార్యకు నాలుగో రోజే అనుమానం వచ్చిందట. ఎప్పుడూ కడిగి తెచ్చే టిఫిన్ డబ్బా, పొద్దున ఆమె పెట్టిన పెరుగన్నంతో అలాగే తిరిగి వచ్చింది. అతను చెబుతాడని ఆమె, ఆమె బాధపడుతుందని అతను, ఒకే ఇంట్లో ఇద్దరూ విడివిడిగా కుంగారు.

జీతం పడే తేదీ రాకముందే చెప్పండి. రాత్రి పడుకునే ముందు కాకుండా పగటిపూట, కడుపులో ఏదైనా పడ్డాక చెప్పండి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఒక కాగితం మీద మూడు నెలల లెక్క రాయండి: అద్దె, ఫీజులు, వాయిదాలు, చేతిలో ఉన్నది. తలలో తిరిగే అప్పు కంటే కాగితం మీది అప్పు దాదాపు ఎప్పుడూ చిన్నదే. ఇంటి రుణం ఉంటే వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి గడువు పెంచమని అడగండి. తప్పాక అడగడం కంటే ఇది మేలు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి దాని సంగతి మొదటి వారంలోనే చూసుకోండి.

అప్పుల యాప్‌వాళ్లు బెదిరిస్తున్నారు. పరువు పోతుందనే భయంతో బయటికి రాలేకపోతున్నాను.

ఇక్కడ మీది మానసిక బలహీనత కాదు, వాళ్లది నేరం. అప్పు వసూలు చేసేవాళ్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. బెదిరించడం, బంధువులకు ఫోన్లు చేసి అవమానించడం కూడా కుదరదు. ఫొటోలు మార్చి పంపుతామని బెదిరిస్తే మెసేజ్‌లు చెరిపేయకుండా దాచి, 1930కి ఫోన్ చేసి సైబర్ నేరం కింద ఫిర్యాదు చేయండి. ఒక యాప్ అప్పు తీర్చడానికి ఇంకో యాప్‌లో తీసుకోవద్దు. ఇంట్లో ఒకరికి ముందే మీరే చెప్పేస్తే వాళ్ల చేతిలోని కత్తి మొద్దుబారుతుంది.

అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాను. నాలుగేళ్లయింది. ఊళ్లో ముఖం చూపించలేకపోతున్నాను.

మా ఇంటికి దగ్గర్లోనే నగర కేంద్ర గ్రంథాలయం. పొద్దున తలుపులు తీయకముందే సంచులు పట్టుకుని నిలబడే పిల్లల్ని రోజూ చూస్తాను. వాళ్లలో ఎంతోమంది 2022 అక్టోబర్‌లో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రాల లీకేజీతో 2023లో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ రాస్తే ఆ పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. కొత్త నోటిఫికేషన్‌తో 2024 జూన్‌లో మూడోసారి రాశారు. ఇందులో మీరు చేసిన తప్పు ఏముంది? పోయిన కాలాన్ని మీ తెలివితక్కువతనం ఖాతాలో వేసుకోకండి.

అయితే ఒక కఠినమైన మాట కూడా చెప్పాలి, మా విద్యార్థులకూ ఇదే చెప్పేదాన్ని. ఆపే తేదీ లేని ప్రయత్నం మనిషిని తినేస్తుంది. "ఫలానా నెల దాకా, ఇన్ని ప్రయత్నాలు, ఆ తర్వాత ఇంకో దారి" అని మనసు బాగున్న రోజున రాసి పెట్టుకోండి. ఫలితాలు వచ్చిన రోజున మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఈలోగా పూట గడవడానికి ఏదైనా చిన్న పని చేస్తే చదువు దెబ్బతింటుందేమో అని భయపడతారు. నాలుగు ట్యూషన్లు చెప్పుకుంటున్న పిల్లలే గదిలో ఒంటరిగా ఉన్నవాళ్ల కంటే కుదురుగా ఉండటం నేను చూశాను.

నాన్నగారు పోయి ఎనిమిది నెలలైంది. ఇంకా ఏడుపు వస్తోంది. ఇది తప్పా?

తప్పేమీ లేదు. పెద్దవాళ్లు మాసికాలు, సంవత్సరీకం ఊరికే పెట్టలేదు. నెలకోసారి తలుచుకుని ఏడవడానికి ఒక రోజు కేటాయించారు. మా ఎదురింటి ఆపా వాళ్లకు నలభయ్యో రోజు ఉంటుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, పెద్దకర్మ భోజనాలయ్యాక వచ్చినవాళ్లంతా వెళ్లిపోతారు, ఆఫీసు రమ్మంటుంది. అసలు దుఃఖం అప్పుడు మొదలవుతుంది. మామగారు పోయాక మూడో నెలలో ఒకరోజు ఆయన కళ్లజోడు పెట్టె సోఫా సందులో దొరికింది. అంత్యక్రియల రోజున ఏడవనిదాన్ని ఆ రోజు నేల మీద కూలబడ్డాను.

దుఃఖం అలలా వస్తుంది, పోతుంది, మధ్యలో నవ్వు కూడా వస్తుంది. ఆ నవ్వుకు అపరాధభావం అక్కర్లేదు. ఏడాది దాటినా రోజూ అదే తీవ్రతతో ఉండి, పనులేవీ చేసుకోలేకపోతుంటే మాత్రం దానికి వేరే చికిత్స ఉంది, అడగండి.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలు పట్టుకుని దాదాపు 150 మంది బతికారని చెబుతారు. అదే వరదలో ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ కళ్ల ముందే తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు. ఆయన 1961 దాకా బతికారు, రుబాయీలు రాశారు. మా వారి ఓపీ చీటీ కోసం ఆ ఆసుపత్రిలో ఎదురుచూస్తూ ఆ చెట్టు కింద కూర్చున్నప్పుడల్లా ఆయన గుర్తొస్తారు. ఆయనకు ఎవరైనా "ధైర్యంగా ఉండు" అని చెప్పి ఉంటారా అనిపిస్తుంది.

గుడికి, దర్గాకు వెళ్తున్నాం కదా, చాలదా?

వెళ్లండి. మనసు తేలికపడుతుంది, నలుగురు కనిపిస్తారు. నేనూ ప్రతి శనివారం వెళ్తాను. షుగర్ ఉన్నవాళ్లు గుడికీ వెళ్తారు, మందూ వేసుకుంటారు కదా, ఇదీ అంతే. "మందులు మానేసి ఈ తాయెత్తు కట్టుకో" అన్నవాళ్ల దగ్గరికి మాత్రం రెండోసారి వెళ్లకండి.

ఎర్రగడ్డకు వెళ్లాలంటే సిగ్గుగా ఉంది.

ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు ఆ సిగ్గు ఎక్కడిదో చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు కొట్లాడుకుంటే "నిన్ను ఎర్రగడ్డలో వేయాలి" అనేవాళ్లం. ఒక పేట పేరే తిట్టయి కూర్చుంది. అక్కడున్నది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ. ఓపీలో చూపించుకుని, మందులు తీసుకుని, సాయంత్రానికి ఇంటికి వచ్చేవాళ్లే ఎక్కువ. నేను మొదటిసారి ముఖానికి చున్నీ చుట్టుకుని వెళ్లాను. వరుసలో నా ముందు నిలబడ్డది మా బడి పాత అటెండర్. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. "బాగున్నారా అమ్మా" అన్నాడు. "బాగుంటే ఇక్కడెందుకుంటాం" అన్నాను. నెలల తర్వాత నవ్వడం అదే.

అక్కడికే వెళ్లాలని లేదు. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఆసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి.

సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, కౌన్సెలర్: ఎవరి దగ్గరికి?

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టర్, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మాటలతో, పద్ధతులతో చికిత్స చేస్తారు, మందులు రాయరు. వారికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడకండి. కౌన్సెలర్ అనే బోర్డు ఈ రోజుల్లో ఎవరైనా పెట్టుకుంటున్నారు, కాబట్టి ఏం చదివారో అడిగి తెలుసుకోండి. నిద్ర, ఆకలి బాగా దెబ్బతిన్నా, చావు ఆలోచనలు వస్తున్నా ముందు సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లండి.

మొదట కలిసినవారితో కుదరకపోవచ్చు. ఒక ప్రైవేటు క్లినిక్‌లో నాకు ఐదు నిమిషాల్లో నాలుగు మందులు రాసి పంపారు, నా పేరు కూడా సరిగా వినలేదు. అక్కడితో ఆగిపోయి ఉంటే నష్టపోయేదాన్ని.

ఆ మందులు అలవాటైపోతాయట కదా? జీవితాంతం వేసుకోవాలా?

రెండు రకాల మందులను జనం కలిపేస్తారు. డిప్రెషన్‌కు వాడే మందులు సారాలా వ్యసనమయ్యేవి కావు. పనిచేయడం మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, తలనొప్పి ఉండవచ్చు. "పది రోజులు వేసుకున్నాను, లాభం లేదు" అని మానేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. బాగయ్యాక కూడా సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడమంటారు, ఆపేటప్పుడు మెల్లగా తగ్గిస్తారు. హఠాత్తుగా మానకూడదు. అల్ప్రాజోలం వంటి నిద్ర, ఆందోళన మాత్రలు మాత్రం నిజంగానే అలవాటవుతాయి. అందుకే వాటిని కొద్ది రోజులకే రాస్తారు.

నేను పద్నాలుగు నెలలు వాడాను. ఇప్పుడు వాడటం లేదు. ఎక్కువ కాలం వాడాల్సి వచ్చేవాళ్లూ ఉంటారు, బీపీ మాత్రలాగే.

14416కు ఫోన్ చేస్తే ఏం జరుగుతుంది?

అది టెలీమానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. చచ్చిపోవాలనిపించేంత కష్టం ఉంటేనే చేయాలనుకోకండి. నిద్ర పట్టడం లేదని, పరీక్ష భయమని కూడా చేయవచ్చు. ఏం మాట్లాడాలో తోచకపోతే "ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు" అనండి. అక్కడ నుంచి వాళ్లే అడుగుతారు.

మా తమ్ముడు "నేను లేకపోతే అందరికీ హాయి" అంటున్నాడు. ఏం చేయాలి?

దాన్ని మాటవరసకు అన్నాడని వదలకండి. పక్కన కూర్చుని సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన కలిగించినట్టవుతుందని చాలామంది భయపడతారు, అలా జరగదు. ఒకరు అడిగారన్న ఊరటే ఎక్కువ. అవునంటే తిట్టొద్దు, "అమ్మానాన్నల గురించి ఆలోచించావా" అని నేరం మోపొద్దు. వినండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న మందులు, పురుగుమందులు వంటివి అందకుండా తీసేయండి. ఆ గడ్డు గంటలు దాటితే చాలామంది బతికిపోతారు. అదే రోజు 14416కు ఫోన్ చేసి, డాక్టర్ దగ్గరికి మీరే వెంట తీసుకెళ్లండి. ప్రమాదం అప్పటికప్పుడే ఉంటే 112 లేదా 108.

ఈ ప్రశ్న మీ గురించే అయితే, మిగతా పేజీ తర్వాత చదవవచ్చు. ఇప్పుడు ఎవరో ఒకరు ఉన్న గదిలోకి వెళ్లండి, ఆ నంబరుకు ఫోన్ చేయండి.

ఆత్మహత్యకు ప్రయత్నిస్తే కేసు పెడతారని ఆసుపత్రికి తీసుకెళ్లడానికే భయపడుతున్నారు.

ముందు ప్రాణం చూడండి, పరుగెత్తండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్నే నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ వంటిది లేదు. పోలీసులు వచ్చి వివరాలు రాసుకోవచ్చు, దానికి కంగారుపడకండి. అదే 2017 చట్టం మీ వైద్య వివరాలు గోప్యంగా ఉంచాలని, మిగతా జబ్బుల మాదిరే మానసిక జబ్బుకూ బీమా ఇవ్వాలని చెబుతోంది. అయితే ఎక్కువ పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి.

మా నాన్న డాక్టర్ దగ్గరికి రానంటున్నారు.

"నీకు డిప్రెషన్" అంటే రారు. "నిద్ర పట్టడం లేదుగా, నిద్రకు చూపిద్దాం" అంటే వస్తారు. ఇందులో అబద్ధమూ లేదు. మొదట మీ కుటుంబ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లినా సరే. పెద్దవాళ్లకు పలకరింపే కరువైతే 14567 వయోవృద్ధుల సహాయ నంబరు ఉంది.

మంచాన పడ్డ అత్తయ్యను చూసుకుంటున్నాను. విసుగొస్తోంది, ఆ విసుగుకు సిగ్గేస్తోంది.

విసుగు రావడం ప్రేమ లేకపోవడం కాదమ్మా, నిద్ర లేకపోవడం. వారంలో ఒక పూట మీకు పూర్తిగా సెలవు కావాలి. ఆడపడుచును "ఎప్పుడైనా రా" అని పిలవకండి, ఎవరూ రారు. "గురువారం మూడు నుంచి ఆరు దాకా అమ్మ దగ్గర ఉండు" అని పిలవండి. ఆ మూడు గంటల్లో బజారు పనులు పెట్టుకోకండి.

మీ ఇందిరా పార్కు నడకకు రావచ్చా?

రండి. ఆరున్నరకు లోపలి చెట్ల కింద కలుస్తాం. మాట్లాడాలన్న నియమం లేదు, ఒకాయన రెండు నెలలు ఒక్క మాటా మాట్లాడకుండా నడిచాడు. రెండు చుట్లయ్యాక బయట బండి దగ్గర టీ తాగుతాం, ఎవరి డబ్బులు వాళ్లవి. వాన పడితే రాము.